కానీ అనకూడని ఇల్లు

నా పుస్తకాలన్నీ వరసగా చదివిన ఒక పెద్దమనిషి గుడివాడ సభలో నన్ను నిలదీశాడు. “అమ్మా, మీ రచనల్లో ‘కానీ’ అనే మాట భూతద్దం పెట్టి వెతికినా దొరకలేదు. ‘అయితే’ ఉంది, ‘అయినా’ ఉంది, ‘కాకపోతే’ కావలసినంత ఉంది. అదొక్కటీ లేదు. ఇదేమైనా శైలీ విశేషమా అండీ?” అన్నాడు. సభలో అందరూ నా వైపే చూశారు. నేను నవ్వి, కాసిని మంచినీళ్ళు తాగి, ఇంకో ప్రశ్న అడగమన్నాను. శైలీ లేదు, పాడూ లేదు. అది పగ. పరికిణీలు కట్టుకునే వయసులో పట్టుకుంది, తల ముగ్గుబుట్టయి మోకాళ్ళు అరిగిపోయినా వదల్లేదు. ఎవరైనా నన్ను శాంతమూర్తి అనుకుని ఉంటే అది వాళ్ళ పొరపాటు, నాకు సంబంధం లేదు.

మొన్న మాఘమాసంలో బందరులో నేనుండే మేడమీదికి ఒకాయన మెట్లెక్కి వచ్చాడు. యాభై దాటిన మనిషి, ఇస్త్రీ చొక్కా, చేతిలో లడ్డూల పెట్టె. “నమస్కారమండీ మేడం. మాది దివిసీమ. వెంకటరత్నం గారబ్బాయినండీ, ప్రసాదు అంటారు,” అన్నాడు. ఆ తండ్రి పేరు వినగానే నా చెవులు వేడెక్కిపోయాయి. కూర్చోమన్నాను.

“మా కుక్కల క్లబ్బు పోటీలు ఈసారి మా ఊళ్ళోనే పెడుతున్నామండీ. మీ నాన్నగారు పాతకాలం మెంబరు. మీరేమో రచయిత్రి. మీ చేతుల మీదుగా రాణి కప్పు ఇప్పించాలని నాన్నగారి కోరికండీ.”

“ఏ రాణి?” అన్నాను.

“మా రాణేనండీ. ఇప్పుడీ చుట్టుపక్కల ఉన్న మంచి వేటకుక్కలన్నీ దాని సంతానమే. నాన్నగారే పెంచారు దాన్ని.”

నాన్నగారే పెంచారట! లడ్డూల పెట్టె అందుకుని బల్ల మీద పెట్టాను, విసిరేయలేదు. వయసు నాకు నేర్పిన సంస్కారం ఆ మాత్రమే.

“నాన్నగారు బాగున్నారా?” అని అడిగాను. ఉన్నాడని నాకు తెలుసు. పేపర్లో దివిసీమ వైపు చావు కబుర్లు నేను ఏ రోజూ వదలకుండా చూస్తాను.

“ఉన్నారండీ. కాళ్ళే ఆడటం లేదు, బుర్ర మాత్రం పాదరసం. చెవులు కాస్త మందం.”

“అసలు వినపడదా?”

“మిషను పెట్టుకుంటే చీమ నడిచినా వినపడుద్దండీ.”

“అయితే మిషను పెట్టుకునే రమ్మనండి. నేను వస్తాను,” అన్నాను. ఆయన సంబరపడిపోతూ దిగి వెళ్ళాడు. పెట్టె విప్పి ఒక లడ్డూ తిన్నాను. బాగుంది. ఆ సంగతి దాచడం ఎందుకు.

మా ఊరు ముదినేపల్లి పక్కన. నాన్న పేరు సుబ్బారావు. ఆయనకి మాగాణి ఉండేది, లైసెన్సు తుపాకీ ఉండేది, చుక్క ఉండేది. ప్రేమ మాత్రం ఈ వరసలో కాదు, దీన్ని తిరగేసిన వరసలో. చుక్క మా పశువుల పాకలో పుట్టిన పాయింటర్ కుక్క. తెల్లటి ఒళ్ళు, మీద కాఫీగింజ రంగు మచ్చలు, నుదుటి మీద బొట్టు పెట్టినట్టు గుండ్రంగా ఒక చుక్క. ఈ జాతి కుక్కలు పిట్టని పట్టవు, చంపవు. గాలిలో వాసన పట్టి, పిట్ట ఏ దుబ్బు కింద నక్కిందో కనిపెట్టి, ముందుకాలు ఒకటి ఎత్తి, తోక నిటారుగా చాపి అక్కడికక్కడ బిగిసి నిలబడిపోతాయి. దాన్నే క్లబ్బు వాళ్ళు పాయింటు పట్టడం అనేవాళ్ళు. వేటగాడు నడిచి దగ్గరికొచ్చి మాట చెప్పేదాకా కుక్క కదలకూడదు. చెప్పాక ఒక్క దూకు దూకుతుంది, పిట్టలు బుర్రున లేస్తాయి, అప్పుడు తుపాకీ.

సాయంత్రమయ్యేసరికి మా అరుగు మీద మూడు వాసనలు కలిసి ఉండేవి. తుపాకీకి రాసే నూనె, తడిసిన కుక్క, నాన్న చుట్ట. నాన్న చుక్కని ఒళ్ళో పడుకోబెట్టుకుని చెవుల వెనక గోమార్లు ఏరి కిరసనాయిలు డబ్బాలో వేసేవాడు. నా తలలో పేలు చూడమంటే అమ్మకి తీరికుండేది కాదు, ఆయనకి మాత్రం కుక్క గోమార్లకి బోలెడు తీరిక. అమ్మ దానికి వేరే నూకల అన్నం వండేది, కారం లేకుండా చేపతలకాయలు ఉడికించిన నీళ్ళు పోసి. “ఈ ఇంట్లో ముందు కుక్క తినాలి, తర్వాత మొగుడు తినాలి, మిగిలితే నేను తినాలి,” అని సణుగుతూనే, చేపముల్లు ఒక్కటి లేకుండా వేళ్ళతో చిదిమి చూసి మరీ పెట్టేది. వరి కోతలైపోయి, కోయకముందే చల్లిన మినుము దుబ్బుల మధ్య జానెడు పైకొచ్చేసరికి పొలాల నిండా కౌజు పిట్టలు చేరేవి. నాన్న గేలం కర్రకి కౌజు రెక్క కట్టి చుక్క ముందు ఆడిస్తూ, దూకబోయినప్పుడల్లా పలుపుతాడుతో వెనక్కి లాగుతూ, దానికి నిలబడటం నేర్పాడు. ఊళ్ళో వాళ్ళు ఇంత వయసొచ్చి ఇదేం ఆటండీ అని నవ్వేవాళ్ళు. ఆయన తల కూడా తిప్పేవాడు కాదు.

క్లబ్బులో మిల్లుల వాళ్ళు, డాక్టర్లు, ప్లీడర్లు, భూములున్న వాళ్ళు ఉండేవాళ్ళు. వాళ్ళ కుక్కలన్నీ మద్రాసు నుంచి వంశం కాగితాలతో సహా దిగినవి. వాటికి అన్నీ ఇంగ్లీషులోనే చెప్పేవాళ్ళు. “ఇది ముదినేపల్లి నీళ్ళు తాగి పెరిగిన కుక్క. దీనికి ఇంగ్లీషు దేనికి?” అనేవాడు నాన్న. ఆయన ఎంచుకున్న మాట మా భోజనాల దగ్గరిది. చుట్టాలకి ఆకులేసి, అన్నీ వడ్డించి, నెయ్యి కూడా పడ్డాక ఇంటాయన “ఇహ కానీండి” అంటే తప్ప మావైపు ఎవరూ ముద్ద కలపరు. ఆ మర్యాదే కుక్కకీ నేర్పాడు. సత్తుగిన్నె ముందు పెడితే చుక్క నిలబడి, గిన్నె వంక కాదు, నాన్న మొహం వంక చూసేది. చొంగ కారి నేల తడిసేది, మూతి మాత్రం పెట్టేది కాదు. నాన్న నింపాదిగా, చివర సాగదీసి, “కానీ…” అనేవాడు. అంతే, గిన్నె ఖాళీ. ఇంట్లో అన్నానికి, పొలంలో పిట్టకి, రెంటికీ అదే మాట.

దాంతో మా ఇంట్లో తెలుగుకి వచ్చిపడింది తంటా. ఆ మాటకి రెండో అర్థం కూడా ఉంది కదా! మాటల మధ్యలో గబుక్కున అనేస్తే చుక్క పట్టించుకునేది కాదు. కాస్త ఆగి, సాగదీసి అన్నామా, మంచం కిందున్నది ఎగిరి అవతల పడేది. అందుకని నాన్న ఇంటిల్లిపాదికీ ఆ మాట నిషేధించాడు. “పప్పు బాగుంది, కా… అయితే ఉప్పు తక్కువైంది,” అని నాలుక కరుచుకుంటూ తినేవాళ్ళం. ఒకసారి మా లెక్కల మాస్టారు నా మీద ఫిర్యాదు చెయ్యడానికి వచ్చి అరుగు మీద కూర్చుని, “మీ అమ్మాయి తెలివైనదేనండీ… కానీ…” అన్నారో లేదో, చుక్క ఆయన కాళ్ళ సందులోంచి దూసుకుని వంటింట్లోకి పోయి పెరుగు కుండ దొర్లించింది. ఆ గోలలో నా తప్పులేమిటో ఇప్పటిదాకా ఎవరికీ తెలియలేదు. నాన్న పగలబడి నవ్వాడు. అంత గట్టిగా ఆయన నవ్వడం నాకు గుర్తున్నంతలో అదే ఆఖరు.

వెంకటరత్నం మా ఇంటికి వచ్చేవాడు. క్లబ్బు సెక్రెటరీ ఆయనే. దివిసీమ నుంచి జీపులో వచ్చి, మా ఇంట్లో దిగి, నాన్నతో తిరిగి, తిని పడుకుని వెళ్ళేవాడు. చుట్టరికం ఏమీ లేకపోయినా ఇద్దరూ బావా బావా అనుకునేవాళ్ళు. ఆయన కుక్క కాగితాల్లో జమీందారు, పొలంలో దద్దమ్మ. కొంగ కనపడినా పాయింటు పట్టేది. ఆ సంగతి ఆయనకీ తెలుసు, అందుకే చుక్క వంక చూసే చూపు వేరుగా ఉండేది. పోటీలకి ముందు ఒక మధ్యాహ్నం, అమ్మ కౌజుల ఇగురు వడ్డిస్తుండగా, ఆయన ఆకు ముందు కూర్చుని అడిగాడు. “ఆ మాట పొట్టిగా అంటావా బావా, సాగదీసి అంటావా?” నాన్న మురిసిపోయాడు. గిన్నె తెప్పించి, చుక్కని నిలబెట్టి, ఎక్కడ ఆగాలో, ఎంత సాగదీయాలో తనే అని చూపించాడు. “ఏదీ, నన్నొకసారి అననీ,” అని రత్నం కూడా అన్నాడు. మొదటిసారి కుక్క కదల్లేదు. రెండోసారి కరెక్టుగా అన్నాడు, కదిలింది. వంటింటి గుమ్మంలో అమ్మ గరిటె పట్టుకుని అంతా చూస్తూ నిలబడింది. ఆయన వెళ్ళాక, “మన కుక్క మాట ఆయనకెందుకండీ?” అంది. “నీదంతా అనుమానమే,” అన్నాడు నాన్న.

ఆ ఏడు పోటీలు గుడివాడ వైపు మినుము చేలల్లో జరిగాయి. గెలిచిన కుక్క సంతానాన్నంతా ఆ యజమాని ఇంటి పేరుతో పిలవడం క్లబ్బు ఆచారం. పాకలో పుట్టిన కుక్కకి ఆ గౌరవం దక్కాలని నాన్న ఆశ. వేరే ఆశలు ఆయనకి ఉన్నట్టు నేనెప్పుడూ చూడలేదు. మిగిలిన కుక్కలన్నీ ఒకదాని తర్వాత ఒకటి తప్పిపోయాయి. ఒకటి ఉడతని తరిమింది, ఒకటి బోదెలో దిగి పడుకుంది. చుక్క మాత్రం గాలికి ఎదురుగా అటూ ఇటూ చేను కుట్టేసినట్టు పరిగెత్తి, ఒకచోట ఠక్కున ఆగి, కాలెత్తి బిగిసిపోయింది. నాన్న గట్టు దిగి దాని వైపు నడుస్తున్నాడు. మద్రాసు నుంచి వచ్చిన జడ్జి గట్టు మీద, పక్కన రత్నం, వాళ్ళ వెనక మంచినీళ్ళ చెంబుతో నేను. “ఫస్టు క్లాసుగా ఉందే!” అన్నాడు జడ్జి.

రత్నం జడ్జి వంక చూడలేదు. ముందు చుక్క వంక చూశాడు. తర్వాత గొంతు సవరించుకున్నాడు. “మంచి కుక్కేనండీ…” అని ఆగాడు. “కానీ…” అన్నాడు. మా ఇంట్లో నేర్చుకున్న సాగు, మా అమ్మ వడ్డించిన ఆకు ముందు నేర్చుకున్న సాగు, వెంట్రుకవాసి తేడా లేకుండా. చుక్క దూకింది. కౌజుల గుంపంతా బుర్రుమని లేచిపోయింది. నాన్న ఇంకా సగం దూరంలోనే ఉన్నాడు. యజమాని చేరకముందే కదిలిన కుక్కని పోటీలోంచి తీసేస్తారు. తీసేశారు.

నాన్న పరిగెత్తుకుంటూ వచ్చి, “బావా, నువ్వు ఆ మాట అన్నావు!” అన్నాడు.

“ఏదో మాట్లాడుతూ అన్నాను బావా. ఇకమీదట క్లబ్బులో తెలుగు మాట్లాడటం మానేద్దామంటావా?” అన్నాడు రత్నం. గట్టు గట్టంతా విరగబడి నవ్వింది. నాన్న కూడా నవ్వడానికి ప్రయత్నించాడు. ఆ మొహం నేను చూశాను. చెంబు ఎత్తి రత్నం నెత్తిన పగలగొట్టి ఉంటే నా జన్మ ధన్యమయ్యేది. పెద్దవాళ్ళ ముందు నోరెత్తకూడదని పెంచారు కాబట్టి ఊరుకున్నాను. ఆ పెంపకాన్ని ఇప్పటికీ తిట్టుకుంటూ ఉంటాను.

తర్వాత జరిగింది అంతకన్నా ఘోరం. ఆ మాట కాస్తా క్లబ్బులో కాణీ అయి, నాన్నకి చిల్లికాణీ సుబ్బారావని పేరు పడింది. గుడివాడలో ఎరువుల కొట్లో కూడా అలాగే పిలిచారట. ఊళ్ళో పనీపాటా లేనివాళ్ళకి మా వీధి ఒక కాలక్షేపం అయింది. గేటు ముందు నుంచి పోతూ “కానీ…” అని సాగదీసేవాళ్ళు. చుక్క అన్నం గిన్నె ముందుంటే తినాలో, గేటు దాకా పరిగెత్తాలో తెలియక గిరగిరా తిరిగేది. ఎప్పుడు కదలాలో ఎప్పుడు నిలబడాలో దానికి అర్థం కావడం మానేసింది. నిద్రలో ఉలిక్కిపడేది. చివరికి గిన్నె పెడితే తల తిప్పుకునేది. పక్కటెముకలు లెక్కపెట్టేలా అయింది.

అప్పుడు మళ్ళీ వచ్చాడు రత్నం, జీపులో, ఎంతో దయగా. “మా ఊళ్ళో ఈ వేళాకోళం ఎవరికీ తెలీదు బావా. నా దగ్గరుంచు, బతుకుద్ది,” అన్నాడు. ఎవడి వల్ల ఆ గతి పట్టిందో వాడే వైద్యుడై వచ్చాడు. అమ్మ వద్దని కళ్ళతో ఎంత చెప్పినా నాన్న చూడలేదు. ఆయన కుక్క ప్రాణం చూసుకున్నాడు. పలుపుతాడు రత్నం చేతికిచ్చాడు. చుక్క జీపు దగ్గర నిలబడిపోయింది. లాగితే కాళ్ళు నేలకి తన్నిపెట్టి, నాన్న మొహం వంకే చూస్తోంది. ఎంతసేపటికీ ఎక్కదు. నాన్న రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు. “కానీ…” అన్నాడు. ఒక్క దూకులో ఎక్కేసింది. ఆ తర్వాత నాన్న నోట ఆ మాట ఎవరూ వినలేదు.

జీపు మలుపు తిరిగాక అమ్మ సత్తుగిన్నె తోమి బోర్లించి, నా వైపు తిరిగి అంది. “ఆ మాట వాడి నోట్లోంచి వచ్చిందే రాజ్యం. ఎప్పటికైనా మళ్ళీ వాడి చెవిలోనే పడాలి.”

మరుసటి ఏడు రత్నం పెద్ద కప్పు గెలిచాడు, రాణి అనే కుక్కతో. ఫోటో పేపర్లో వచ్చింది. నుదుటి మీద చుక్క అచ్చులో కూడా కనిపిస్తోంది. “పోన్లే, దాని విద్య వృథా పోలేదు,” అన్నాడు నాన్న. తర్వాత వేట నిషేధం వచ్చింది, తుపాకీ స్టేషనుకి వెళ్ళింది, కొన్నేళ్ళకి నాన్న కూడా వెళ్ళిపోయాడు. రత్నం కావాలని చేశాడని చివరిదాకా ఆయన నమ్మలేదు. నాన్న దినానికి రత్నం వచ్చి బంతిలో కూర్చున్నాడు. అమ్మ వరసగా ప్రతి ఆకు ముందూ ఆగి “కానీండి, కానీండి” అంటూ వచ్చి, ఆయన ముందుకి రాగానే నోరు మూసుకుని నిలబడింది. అటూ ఇటూ అందరూ తింటున్నారు. ఆయన చెయ్యి ఆకు మీద పెట్టుకుని ఎదురుచూశాడు. అమ్మ కదల్లేదు, నోరు విప్పలేదు. చివరికి ఆయన లేచి చెయ్యి కడుక్కున్నాడు. మా అమ్మ చేయగలిగింది అంతే, మిగతాది నాకు వదిలేసి పోయింది.

పోటీల రోజు పొద్దున్నే కారు పంపారు. అవనిగడ్డ దాటి హంసలదీవి వైపు పోతుంటే దారి పొడవునా చూస్తూనే ఉన్నాను. అక్కడ ఇంకా వరీ మినుమూ మిగిలాయి. ముదినేపల్లి వైపు మా పొలాలన్నీ చేపల చెరువులైపోయాయి. చుక్క పరిగెత్తిన చోట ఇప్పుడు నీళ్ళలో మరలు గిరగిరా తిరుగుతుంటాయి, మేత బస్తాల కంపు ముక్కు పగలగొడుతుంది. పోటీ కూడా మారిపోయింది. షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు, పెసరట్టు ఉప్మా, పైన గుయ్యిమంటూ తిరిగే కెమెరా. అడవి కౌజులు లేవు. కోళ్ళఫారంలో పెంచిన కంజు పిట్టల్ని పొద్దున్నే తెచ్చి దుబ్బుల్లో వదులుతారు. పాపం వాటికి ఎగరడం కూడా సరిగ్గా రాదు. తుపాకీ బదులు టపాకాయ పేలుస్తారు. ఒక విషయం ఒప్పుకోవాలి, ఇప్పుడు ఏ పిట్టా చావడం లేదు. అది మంచిదే. నాకు మంచివన్నీ నచ్చాలని రూలేమీ లేదు.

రత్నాన్ని కుర్చీతో సహా మోసుకొచ్చి గట్టు మీద నా పక్కనే పెట్టారు. ఎండుకుపోయిన మనిషి, మోకాళ్ళ మీద దుప్పటి, చెవిలో మిషను. అది కనపడగానే నా మనసు కుదుటపడింది. “సుబ్బారావు బావ కూతురివి కదూ? రాజ్యం కదూ?” అన్నాడు. “అవునండీ,” అన్నాను. “మీ అమ్మ చేతి కౌజుల ఇగురు ఇప్పటికీ నాలుక మీదుందమ్మా,” అన్నాడు. ఉంటుంది మరి!  మైకు దగ్గర నాలుగు మాటలు చెప్పి, రాణి అసలు పేరు చుక్క అని అందరికీ వినిపించి పోదామని మాత్రమే వచ్చాను. అంతకుమించి దారి ఉందని అప్పటికి నాకు తెలీదు.

చెప్పింది ప్రసాదే, పాపం. ఆఖరి రౌండులో ఆయన కొడుకు వంశీ, పాతికేళ్ళ కుర్రాడు, ఒక తెల్ల కుక్కని చేలోకి దించాడు. దాని నుదుటి మీద చుక్కేమీ లేదు. ఉండి ఉంటే కథకి బాగుండేది, లేదు. “మిగతావన్నీ విజిల్ కుక్కలండీ మేడం. మాది మాట కుక్క. ఆ మాట నాన్నగారే కనిపెట్టారు. అప్పట్లో రాణికి ఎన్ని ఇంగ్లీషు మాటలు నేర్పినా కదల్లేదంట, ఆ ఒక్కదానికే కదిలేదంట. దాని పిల్లలకీ, పిల్లల పిల్లలకీ అదే నేర్పాం,” అన్నాడు గర్వంగా.

“ఏం మాటండీ అది?” అన్నాను.

“ఇప్పుడు పైకి అనకూడదండీ, కుక్క వింటుంది,” అని నవ్వుతూ నా చెవి దగ్గరికి వంగి గుసగుసగా చెప్పాడు.

రత్నం కుక్కని కాజేశాడు, పేరు మార్చాడు, కప్పు మీద పేరు చెక్కించుకున్నాడు. మా నాన్న మాటని మాత్రం మార్చలేకపోయాడు! చుక్క మార్చనివ్వలేదు. నా కళ్ళ వెంట నీళ్ళొచ్చాయి, ఎండ అనుకుని ప్రసాదు గొడుగు తెప్పించాడు.

అప్పటికే చేలో కుక్క కాలెత్తి బిగిసిపోయింది. వంశీ దాని వైపు మెల్లగా నడుస్తున్నాడు. బెంగుళూరు నుంచి వచ్చిన తెలుగు జడ్జి మర్యాద కోసం నా వైపు వంగి, “మీకు పాతకాలం కుక్కలు తెలుసు కదమ్మా. ఎలా ఉందంటారు ఇది?” అని అడిగాడు. నేను జడ్జి వంక చూడలేదు. ముందు కుక్క వంక చూశాను. తర్వాత రత్నం వంక చూశాను. ఆయనకి అర్థమైపోయింది. దుప్పటి కిందనుంచి చెయ్యి పైకి లేచింది. నేను గొంతు సవరించుకున్నాను.

“మంచి కుక్కేనండీ…” అని ఆగాను. “కానీ…”

ఇన్నేళ్ళుగా అనని మాట, నాన్న గొంతుతో వచ్చింది. కుక్క దూకింది. కంజు పిట్ట నాలుగు మూరలు ఎగిరి మళ్ళీ మినుములోనే పడింది. గట్టంతా అయ్యయ్యో అంది. వంశీ వెనక్కి తిరిగి, “సార్, ఆవిడ అన్నారు సార్! మా మాట అన్నారు!” అని అరిచాడు. ఎవరేమన్నా కుక్క యజమాని మాటకే కదలాలి, అదే రూలని జడ్జి తల అడ్డంగా ఊపాడు. “ఊరుకోరా, మేడంగారు ఏదో మాట్లాడుతూ అన్నారు,” అని ప్రసాదు కొడుకుని కసిరాడు. కుర్రాడి కళ్ళు ఎర్రబడ్డాయి. జాలి వేసిందా అంటే వేసింది. ఆ వయసు కూడా లేనప్పుడు నా కళ్ళు అలాగే ఉన్నాయి, అప్పుడు ఆ గట్టు మీద ఎవరికీ జాలి వెయ్యలేదు.

“మాట్లాడుతూ కాదురా,” అన్నాడు రత్నం. గొంతు పీలగా వచ్చింది. “తెలిసే అంది.” తర్వాత నా వైపు తిరిగాడు. “అచ్చం బావలాగే అన్నావమ్మా.”

“మీరు కూడా అలాగే అన్నారండీ ఆ రోజు,” అన్నాను. 

కప్పు ఇంకెవరి కుక్కకో వెళ్ళింది. ఇవ్వడానికి నన్నే పిలిచారు. మైకు పట్టుకుని చెప్పాను. “దీని మీద రాణి అని చెక్కారు. ఆ కుక్క ముదినేపల్లి పక్కన మా పశువుల పాకలో పుట్టింది. దాన్ని పెంచింది, నేర్పింది మా నాన్న సుబ్బారావు. దాని పేరు చుక్క. ఎలా చేతులు మారిందో వెంకటరత్నంగారిని అడగండి, బుర్ర పాదరసం, అన్నీ గుర్తుంటాయి.” చప్పట్లు కొట్టాలో లేదో జనానికి తెలియలేదు. రత్నం చెవిలోంచి మిషను ఊడదీసి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. పెట్టుకుంటే పెట్టుకున్నాడు. పడాల్సింది అప్పటికే పడింది. దారిలో కారు ఆపించి చల్లగా రెండు కొబ్బరి బోండాలు తాగి ఇంటికొచ్చాను. ఆ రాత్రి పట్టినంత నిద్ర అంతకుముందు ఏళ్ళ తరబడి నాకు పట్టలేదు.

నిన్న పొద్దున ప్రసాదు ఫోను చేశాడు. మనిషి గొంతు దిగిపోయి ఉంది. “మేడం, నాన్నగారు అంతా చెప్పారండీ. నాకు నిజంగా తెలీదండీ. కప్పు మీద పేరు మార్పించేస్తాం. ఆ రోజు నుంచి ఆయన మిషను పెట్టుకోవట్లేదు. కంచం ముందు పెడితే అందులో చెయ్యి పెట్టుకుని అలా చూస్తా కూర్చుంటారు, ముద్ద కలపరు. దేనికి చూస్తున్నారు నాన్నా అంటే పలకరు. మీరు క్షమించానని ఒక్క మాట అంటే కాగితం మీద రాసి చూపిస్తానండీ. పెద్దాయనండీ, కాస్త దయ చూడండి.”

అమ్మ బోర్లించిన సత్తుగిన్నె నా వంటింటి అలమారలో ఇప్పటికీ అలాగే ఉంది. దాని వంక చూశాను. దినం నాడు అమ్మ నిలబడిన తీరు గుర్తొచ్చింది. జీపు దగ్గర నాన్న నిలబడిన తీరూ గుర్తొచ్చింది.

“పెద్దాయనే బాబూ. క్షమించొచ్చు,” అన్నాను. నాన్న ఎక్కడ ఆగేవాడో అక్కడ ఆగాను. ఎంత సాగదీసేవాడో అంతే సాగదీశాను. “కానీ…”

“ఏంటండీ మేడం? చెప్పండి!” అన్నాడు ప్రసాదు.

“అంతే. ఆ ఒక్క మాటే రాసి చూపించండి. ఎలా తీసుకుంటారో ఆయనిష్టం,” అని ఫోను పెట్టేశాను.